బిల్లులో లేని జానెడు

రాని తుఫానుకి డబ్బులొచ్చాయి.

మస్కట్ నుంచి, రెండు ముద్రలున్న కాగితం మీద.
జువైనా మూడుసార్లు చదువుకుని
నాలుగోసారి నాకోసం హిందీలో చెప్పింది.
గాలివాన వెళ్ళాక వచ్చే డబ్బయితే నాకు తెలుసు:
లారీ వెనక తోపులాట, పాతిక కిలోల బియ్యం,
వేలిముద్ర, కిరసనాయిలు,
దిగకుండానే వెళ్ళిపోయిన హెలికాప్టరు చప్పుడు.
ముందే వచ్చిన డబ్బుని ఎలా పట్టుకోవాలో
చేతికి తెలియలేదు.

సూర్‌లో, ఖోర్ ఒడ్డున, మూడు గదుల ఇల్లు.
మ్యూజియం అని బోర్డు.
లోపల తెరచాపల పేలికలు,
ఓడ చెక్కకి బెజ్జాలు పొడిచిన బరమాలు,
నఖుదాలు రాసుకున్న దారి పుస్తకాలు,
తాడు లాగుతూ పాడిన పాటలు
నూటపది క్యాసెట్లలో.
అన్నీ నేల మీదే.
నేలని అంతగా నమ్మిన ఇల్లు.

ఫారంలో ఒక గడి:
నీళ్ళొస్తే మొదట ఏది మోస్తారు?
వెండి పిడి బాకు అని రాస్తుందనుకున్నాను.
పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
దారి పుస్తకం, అట్ట లేనిది, చెదలు తిన్నది,
అని రాసింది.
బాకుది పద్నాలుగో నంబరు.
"వెండి తడిస్తే తుడుచుకుంటాం."

నా పని అలమరలు.
ఇంజనీరు గీసిన బొమ్మలో
అడుగు అర నేలకి మీటరు ఎత్తు.
తొంభైయారు నవంబరులో నేను రెండో తరగతి.
తాళ్ళరేవులో మా గోడ మీద
నీళ్ళు గీసిన గీత నాన్న చాతీ దాకా ఉండేది.
ఎన్ని సున్నాలు కొట్టినా
వానాకాలానికి మళ్ళీ తేలేది.
పెన్సిల్ గుర్తుని ఓ జానెడు పైకి జరిపాను.
ఎవరినీ అడగలేదు.
కాళ్ళకి కావలసిన చెక్క
రేవులో పారేసిన పెట్టెల్లోంచి తెచ్చుకున్నాను.

గాలికి గడి ఉంది, వానకి ఉంది,
వాగు పొంగడానికి, నిప్పుకి ఉంది.
సముద్రం లేచి ఇంట్లోకి నడిచొస్తే
మీరేమంటారు, అని అడిగింది.
ఉప్పెన, అన్నాను.
వాళ్ళ నోటికి ప లేదు.
ఉబ్బెన, అంది.
దిద్దబోయి ఆగాను.
ఉబ్బెను కదా మరి.

కోరంగి గురించి చెబుదామనిపించింది.
మా ఊరి పక్కనే. ఇలాగే ఓడలు కట్టిన ఊరు.
ఉప్పెనలు తిన్నాయి.
ఏ రంపం ఎవరిదో, ఏ ఓడకి ఏ పేరు పెట్టారో,
దూలం ఎత్తేటప్పుడు ఏం పాడారో
ఏ గడిలోనూ ఎవరూ రాసుకోలేదు.
రంగూన్‌లో మనవాళ్ళని తిట్టడానికి మాత్రం
ఊరిపేరు మిగిలింది.
ఇదంతా చెప్పేంత హిందీ నాకు రాదు.
"మా దగ్గరా ఓడలుండేవి" అన్నాను.
ఆమె టీ పోసింది.

ఆఖరి పేజీ: అర్ధరాత్రయినా ఎవరికి ఫోన్ చెయ్యాలి?
తన పేరు, తమ్ముడి పేరు, పక్క మసీదు ముఅజ్జిన్.
నాలుగోది నజ్జార్, అంటే వడ్రంగి, అని రాసి
కొట్టేసి, పూర్తి పేరు అడిగింది.
ఓలేటి ధర్మారావు
కుడి నుంచి ఎడమకి నడవడం
అదే మొదటిసారి చూడటం.
ఈ జాబితా మూడేళ్ళు చెల్లుతుందట.
నా వీసా మార్చి దాకా.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
దానికి గడి లేదు.

నిన్న ఆడిటర్ వచ్చాడు. టేపు లాగాడు.
మీటరూ ఇరవై.
బిల్లులో మీటరేగా, ఈ పైదెక్కడిది?
నేను మేకుల డబ్బా సర్దుకుంటున్నాను.
జువైనా అరబ్బీలో గబగబా ఏదో చెప్పింది.
అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే.
ఆయనకి తెలియనిదీ అదొక్కటే.
మళ్ళీ అడిగాడు.

ఈసారి నిదానంగా,
అరచేతిని నేల దగ్గర్నుంచి పైకి లేపుతూ,
నా పెన్సిల్ గుర్తు దగ్గర ఆపి,
ఉబ్బెన, అంది.